ఇద్దరికి ఎంత మోటార్‌హోమ్ చాలు? అమెరికాలో దూర ప్రయాణాలకి సిద్ధమవుతున్న దంపతులు కొనేముందు చూడాల్సినవి

హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, కడప నుంచి 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద అమెరికా వెళ్ళిన తరం ఇప్పుడు యాభై ఐదు, అరవై ఏళ్ళకి దగ్గర పడింది. డాలస్‌లోనో చికాగోలోనో నాలుగు బెడ్‌రూముల ఇల్లు ఉంటుంది. పెద్దవాడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం, చిన్నమ్మాయి కాలేజీ హాస్టల్లో. ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఇన్నేళ్ళూ ఆఫీసు, స్కూలు, సండే మదరసా, ఇంటి లోను అంటూ గడిచిపోయింది కదా, ఇక మూడు నాలుగు నెలలు తిరిగొద్దాం అన్న మాట ఇలాంటి ఇళ్ళలో ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది. హోటల్ గదులు మార్చుకుంటూ తిరిగే వయసు కాదు, బయటి తిండి పడదు, హలాల్ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అలా ఆలోచన మోటార్‌హోమ్ దగ్గర ఆగుతుంది.

షోరూముకి వెళ్తే మొదట కనపడేది పెద్ద బండే. సోఫా, టీవీ, డైనింగ్ టేబుల్, బటన్ నొక్కితే గోడే బయటికి జరిగి గది పెద్దదవుతుంది. "ఇల్లులాగే ఉంది" అనిపిస్తుంది. చిక్కు అక్కడే. ఇల్లు ఒకచోట నిలబడి ఉంటుంది. దీన్ని రోజూ నడపాలి, మలపాలి, పెట్రోల్ బంకులోకి దూర్చాలి, వెనక్కి తీయాలి.

ఏ రకం అంటే ఏమిటి

అమెరికాలో మోటార్‌హోమ్‌లని మూడు రకాలుగా చెప్తారు. క్లాస్ ఎ అంటే బస్సు లాంటిది, 26 అడుగుల నుంచి 45 అడుగుల దాకా. క్లాస్ బి అంటే డెలివరీ వ్యాన్ సైజు బండి. రామ్ ప్రోమాస్టర్, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్‌ల లోపల మంచం, పొయ్యి, బాత్‌రూము అమరుస్తారు. పొడవు 18 నుంచి 24 అడుగులు. క్లాస్ సి ఈ రెండింటికీ మధ్యలోది. ముందు వ్యాన్ క్యాబిన్, వెనక పెట్టె లాంటి గది, చాలావాటికి డ్రైవర్ తల మీద ఇంకో పడక. అక్షరాల వరస చూసి బి కన్నా సి చిన్నదనుకుంటారు చాలామంది. నిజానికి బి యే అన్నిటికన్నా చిన్నది.

లైసెన్సుకి పెద్ద ఇబ్బంది లేదు. సొంత వాడకానికైతే 26,000 పౌండ్ల లోపు బండిని చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. అందుకే జనం ధైర్యంగా పెద్దవి కొనేస్తారు. లైసెన్సు ఒప్పుకున్నంత మాత్రాన భుజాలు, మెడ, కళ్ళు ఒప్పుకోవాలని లేదు.

ఇద్దరిలో ఎవరికి భయమో వాళ్ళే కొలత

కొనే నిర్ణయం ఎక్కువ ఇళ్ళలో భర్తదే. ఎందుకంటే నడిపేది తనేనన్న ధీమా. భార్య ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతూనే ఉంటుంది, కానీ స్కూలుకి, కాస్ట్‌కోకి, మసీదుకి. ముప్ఫై అడుగుల బండి చూడగానే "ఇది నా వల్ల కాదు" అనేస్తుంది. సరేలే, నేనున్నాగా అంటాడు ఆయన. అక్కడితో చర్చ అయిపోతుంది.

అయిపోకూడదు. వయోమింగ్, మొంటానా లాంటి రాష్ట్రాల్లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య యాభై, అరవై మైళ్ళు ఏమీ ఉండదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా దొరకదు. ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చినా, షుగర్ పడిపోయినా, మెట్టు జారి చీలమండ వాచినా స్టీరింగ్ పట్టుకోవాల్సింది ఆమే. అప్పుడు నేర్చుకోవడం కుదరదు. కాబట్టి సైజు తేల్చాల్సింది నడపడం బాగా వచ్చినవాళ్ళు కాదు, తక్కువ ధైర్యం ఉన్నవాళ్ళు. ఆమె హైవే ఎక్కి, ఊళ్ళోకి దిగి, వెనక్కి తీసి పార్క్ చేయగలిగిన బండే ఆ ఇంటికి సరైన బండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు తాళం ముందు ఆమె చేతికివ్వడం మంచిది. సేల్స్‌మ్యాన్ పక్కన కూర్చుంటే మొహమాటపడే వాళ్ళయితే అద్దె బండి తీసుకుని ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు గంటలు తిప్పించండి.

21 అడుగులు దాటితే

చిన్న బండికి ఇంకో బలమైన కారణం రోడ్లే. మొంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్ అని కొండల మీదుగా వెళ్ళే దారి ఉంది. ఆ పార్కుకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది దానికోసమే వెళ్తారు. అందులో అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కన్నా పొడవు, 8 అడుగుల కన్నా వెడల్పు ఉన్న బండ్లని రానివ్వరు. పొడవులో బంపర్లు, వెడల్పులో పక్క అద్దాలు కూడా లెక్కే. వెనక సైకిల్ స్టాండు తగిలించుకుని 21 దాటించుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది.

యూటాలో జయాన్ పార్కు సొరంగం 1930లో పూర్తయింది. పొడవు 1.1 మైలు. ఆ రోజుల కార్ల కొలతకి కట్టింది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, అద్దాలతో కలిపి 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ ఉంటే అక్కడ పెద్ద బండి కిందే జమ. మామూలు క్లాస్ సి వెడల్పు దాన్ని దాటేస్తుంది. న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వే అని పేరున్న పాత రోడ్లు ఇంకో రకం. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి చాలావాటి మీద మోటార్‌హోమ్‌లకి అనుమతే లేదు. న్యూజెర్సీలో బంధువుల ఇంటికి వెళ్ళేటప్పుడు కారు జీపీఎస్ నేరుగా అక్కడికే తీసుకుపోతుంది. బండి ఎత్తు, బరువు అడిగి దారి చూపించే జీపీఎస్ వేరే దొరుకుతుంది, అది తీసుకోవాలి.

బాల్టిమోర్ సంగతి చాలామందికి తెలియదు. అక్కడి ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోకీ హార్బర్ సొరంగంలోకీ 10 పౌండ్లు మించిన ప్రొపేన్ సిలిండరున్న బండ్లు వెళ్ళకూడదు. ఇదివరకు అలాంటి బండ్లు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా వెళ్ళేవి. 2024 మార్చి 26న ఓడ గుద్దుకుని ఆ వంతెన కూలిపోయింది. ఇప్పుడు ఊరి చుట్టూ పడమటి వైపు నుంచి తిరిగి పోవాలి. ప్రొపేన్ లేకుండా, పెట్రోలుతో నడిచే హీటరు, కరెంటు పొయ్యి పెట్టిన చిన్న వ్యాన్‌లు ఈ మధ్య వస్తున్నాయి. తూర్పు తీరంలో ఎక్కువగా తిరిగేవాళ్ళు వాటి గురించి అడగాలి.

మంచం, బాత్‌రూము: సిగ్గుపడకుండా చూడాల్సినవి

షోరూములో అందరూ కుర్చీలో కూర్చుని చూస్తారు, పడుకుని చూడరు. చిన్న వ్యాన్‌లో మంచం అడ్డంగా వేస్తే గోడ వైపు పడుకున్నవాళ్ళు రాత్రి లేవాలంటే రెండోవాళ్ళ మీదుగా దాటాలి. ముప్ఫై ఏళ్ళ వయసులో అది నవ్వులాట. అరవైలో, మోకాళ్ళ నొప్పులతో, రాత్రికి రెండుమూడు సార్లు లేవాల్సిన షుగర్ పేషెంటుకి అది నిద్రలేని నాలుగు నెలలు. ఇలాంటి దంపతులకి మధ్యలో దారి వదిలి రెండు పక్కలా రెండు సన్నటి మంచాలు వేసిన నమూనా నయం. ఆ మధ్య దారిలో జానమాజ్ పరిచే చోటు కూడా దొరుకుతుంది. ఆరడుగుల మనిషైతే అక్కడే కాళ్ళు చాపి పడుకుని చూడాలి. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని ఆగిపోతే లక్ష డాలర్ల పైన పెట్టి ఇరుకు కొన్నట్టే.

పగలు సోఫా, రాత్రి మంచం అయ్యే అమరిక చూడ్డానికి బాగుంటుంది. రోజూ పరుపులు మడిచి, విప్పి, దుప్పట్లు సర్దడం పది రోజుల్లో విసుగెత్తిస్తుంది. ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో అందరికీ తెలిసిందే.

బాత్‌రూము విషయంలో మనవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. చిన్న బండ్లలో టాయిలెట్, స్నానం ఒకే చిన్న గదిలో ఉంటాయి, గదంతా తడుస్తుంది. అమెరికన్లు దీన్ని లోటుగా చెప్తారు. మన ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకి బాత్‌రూము అంటేనే అది. చేతి షవరు ఉంటుంది కాబట్టి లోటా బాధ కూడా తీరుతుంది. చూడాల్సింది వేరే ఉంది, మురికి ఎలా ఖాళీ చేస్తారన్నది. కొన్నిటికి కింద ట్యాంకు ఉంటుంది, డంప్ స్టేషన్ దగ్గర గొట్టం తగిలించి వదిలేస్తారు. కొన్నిటికి సూట్‌కేసులా బయటికి లాగే క్యాసెట్ ఉంటుంది, సుమారు 5 గాలన్లు పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజుల్లో నిండుతుంది. నిండినప్పుడు దాదాపు ఇరవై కిలోలు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని ఎవరు మోస్తారో ముందే అనుకోవాలి.

నీళ్ళ లెక్క

చిన్న మోటార్‌హోమ్‌లో మంచినీళ్ళ ట్యాంకు చాలావరకు 20 గాలన్ల అటూ ఇటూ. అంటే 75 లీటర్లు. ఇద్దరు, రోజుకి ఐదు పూటలు, పది వజూలు అనుకోండి. కుళాయి వదిలి చేస్తే ఒక్కోదానికి నాలుగైదు లీటర్లు తేలిగ్గా పోతాయి. అంటే వజూకే రోజుకి నలభై, యాభై లీటర్లు. వంట, గిన్నెలు, స్నానం ఇంకా మొదలే కాలేదు. మగ్గుతో చేస్తే ఒక లీటరు సరిపోతుంది, పది వజూలకి పది లీటర్లు. ఒక ముద్ నీళ్ళతో, అంటే లీటరులోపే, వజూ పూర్తి చేయడం సున్నత్‌గా మనం వింటూనే ఉన్నాం. మోటార్‌హోమ్‌లో అది నాలుగు రోజులకీ ఒకటిన్నర రోజుకీ ఉన్న తేడా.

వాడిన నీళ్ళు ఎక్కడికీ పోవు, కింద ఇంకో ట్యాంకులో చేరతాయి. కొన్ని బండ్లలో ఆ ట్యాంకు మంచినీళ్ళ దానికన్నా చిన్నది. పైన నీళ్ళున్నా కింద నిండిపోయి సింకులోంచి పైకి తంతుంది. కాబట్టి రెండు ట్యాంకుల కొలతా అడగాలి.

నీళ్ళకి బరువు కూడా ఉంది. 20 గాలన్లంటే 75 కిలోలు, ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టు. బండి తలుపు దగ్గర పసుపు స్టిక్కరు ఒకటి అతికిస్తారు. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని దాని మీద ఉంటుంది. బ్రోషరులో ఎన్ని అల్మరాలున్నా ఈ అంకె చిన్నదైతే అవన్నీ ఖాళీగా ఉంచుకోవడానికే. ఒకే మోడల్లో కూడా బండి బండికీ ఇది మారుతుంది, ఎందుకంటే అదనంగా పెట్టిన ఏసీ, జనరేటర్, సోలార్ పలకలు దీన్నే తింటాయి. కొనబోయే బండి స్టిక్కరునే చదవాలి.

తాలింపు పెడితే అలారం

మన వంట ఈ బండ్లు తయారుచేసినవాళ్ళ ఊహలో లేదు. ఎండుమిరపకాయ తాలింపు పడగానే పొగ అలారం మోగుతుంది. పైకప్పుకి బలమైన ఫ్యాను ఉండాలి, పొయ్యికి దగ్గర్లో ఉండాలి. బట్ట సోఫాకి పట్టిన ఉల్లిపాయ, మసాలా వాసన వారాలు పోదు. తుడిస్తే పోయే రెగ్జిన్ మేలు. బండి పక్కన బయట పెట్టుకుని వండే మడత పొయ్యి ఒకటి దగ్గరుంటే సగం గొడవ తీరుతుంది. కోడిని వేయించే పని బయట, అన్నం, చాయ్ లోపల.

ఫ్రిజ్ గురించి మాత్రం రాజీ పడొద్దు. చికాగో డెవాన్ అవెన్యూలోనో డాలస్‌లోనో హలాల్ మాంసం కొని ఫ్రీజర్ నింపుకుని బయల్దేరితే, పడమటి పార్కుల దారిలో మళ్ళీ దొరికే దాకా అదే ఆధారం. చిన్న వ్యాన్‌లలో ఫ్రిజ్ ఉంటుంది గానీ ఫ్రీజర్ కొన్నిటిలో రెండు ప్యాకెట్లు పట్టేంతే. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇది తిండి ప్రశ్న కూడా కాదు. బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ ఎండలో కూడా చల్లదనం నిలుపుతుంది. పాత పద్ధతి ప్రొపేన్ ఫ్రిజ్‌కి బండి సమంగా నిలబడాలి, మండే ఎండల్లో అది వెనకపడుతుంది.

కరెంటు గురించి సేల్స్‌మ్యాన్ చెప్పేది కాస్త తగ్గించుకుని వినాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒకదానిలో ఉండేది సుమారు 1.28 యూనిట్ల కరెంటు. ఏసీ ఆపకుండా నడిస్తే అది గంట లోపే ఖాళీ. ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, రాత్రి సీపాప్ మిషనుకైతే రెండు బ్యాటరీలతో సర్దుకోవచ్చు. ఏసీ వేసుకుని పడుకోవాలంటే కరెంటు పాయింటున్న క్యాంప్‌గ్రౌండే కావాలి. వేసవిలో అరిజోనా, టెక్సస్ కాకుండా ఉత్తరానికి, కొండల మీదికి వెళ్ళడం అన్నిటికన్నా చవకైన ఏసీ.

డబ్బు మాట

చిన్నది కాబట్టి చవక అనుకుంటే పొరపాటు. కొత్త క్లాస్ బి మామూలుగానే లక్ష డాలర్లు దాటుతుంది. మెర్సిడెస్ మీద కట్టినవి రెండు లక్షలు కూడా దాటతాయి. దాదాపు అదే ధరకి, కొన్నిసార్లు తక్కువకే, ఇంకా పెద్ద క్లాస్ సి వస్తుంది. అడుగుకి ఎంత అని లెక్కేస్తే బి యే ఖరీదు. మిగిలేది వాడకంలో. బి గాలన్‌కి 15 నుంచి 18 మైళ్ళు ఇస్తే సి ఇచ్చేది 8 నుంచి 12. పదివేల మైళ్ళు తిరిగితే తేడా సగటున సుమారు నాలుగు వందల గాలన్లు. చాలా కాలనీ అసోసియేషన్లు ఇంటి ముందు పెద్ద మోటార్‌హోమ్ నిలపనివ్వవు, దాన్ని నెలనెలా అద్దె కట్టి స్టోరేజీలో పెట్టాలి. వ్యాన్ సైజుదాన్ని కొన్ని కాలనీలు చూసీచూడనట్టు వదిలేస్తాయి. గ్యారేజీలో మాత్రం అదీ పట్టదు. మామూలు గ్యారేజీ తలుపు ఏడు అడుగులు, ఈ వ్యాన్ ఎత్తు తొమ్మిది పైనే.

వారంటీ ఒకటి అనుకుంటారు, చేతికి వచ్చేవి చాలా. ఇంజను, గేరుబాక్సుకి ఫోర్డో రామ్‌యో మెర్సిడెస్సో బాధ్యత. మంచాలు, పైపులు, వైరింగుకి మోటార్‌హోమ్ కంపెనీ. ఫ్రిజ్‌కి ఫ్రిజ్ కంపెనీ. దారిలో ఏదైనా ఆగితే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు. ఇంజను రిపేరుకి ఫోర్డ్ డీలరు చిన్న ఊళ్ళో కూడా దొరుకుతాడు, మెర్సిడెస్ వ్యాన్ డీలరు అంత తేలిగ్గా దొరకడు. బండి ఎంత బాగున్నా దూర ప్రయాణానికి ఇది చిన్న విషయం కాదు.

కొత్తది షోరూము గేటు దాటగానే ధర పడటం మొదలవుతుంది. మూడు నాలుగేళ్ళ పాతదైతే మొదటి దెబ్బ వేరేవాళ్ళు తిన్నట్టు, చిన్నచిన్న లోపాలు కూడా వాళ్ళే సరి చేయించి ఉంటారు. వడ్డీ లోను వద్దనుకునే కుటుంబాలకి చేతిలో ఉన్న డబ్బుకి సరిపోయేది ఎక్కువగా ఇదే. డీలర్లు ఇచ్చే లోన్లు పదిహేను, ఇరవై ఏళ్ళవి కూడా ఉంటాయి. నెల కంతు తక్కువ కనిపిస్తుంది, బండి విలువ మాత్రం బాకీ కన్నా ముందే దిగిపోతుంది. పాతది కొంటే పైకప్పు అతుకుల్లో నీరు దిగిందేమో స్వతంత్ర ఇన్‌స్పెక్టరు చేత చూపించాలి. టైర్ల మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. అరుగుదల లేకపోయినా ఆరేడేళ్ళు దాటినవి మార్చాల్సిందే.

పిల్లలు వస్తే? అమ్మీ, అబ్బా వస్తే?

పెద్ద బండి కొనడానికి అందరూ చెప్పే కారణం ఇదే. మనవలు వస్తారు, ఊరి నుంచి అమ్మీ, అబ్బా విజిటర్ వీసా మీద వస్తారు, వాళ్ళెక్కడ పడుకుంటారు? ఏడాదిలో వాళ్ళు బండిలో ఉండే రాత్రులు ఎన్నో కాగితం మీద రాసి చూడండి. చాలా ఇళ్ళలో అది పది దాటదు. ఆ పది రాత్రులకి పక్కనే మోటెల్ గది తీసుకుంటే అయ్యే ఖర్చు, మిగతా రోజులన్నీ అదనపు ఎనిమిది అడుగుల్ని మోసుకు తిరగడం కన్నా తక్కువే. అయితే సీటు బెల్టులు లెక్కపెట్టాలి. చాలా క్లాస్ బి లలో బెల్టున్న సీట్లు రెండో నాలుగో. కదులుతున్న బండిలో మంచం మీద పెద్దవాళ్ళని పడుకోబెట్టి తీసుకెళ్ళడం ఎంత మాత్రం మంచిది కాదు. మనవలు నిజంగానే వేసవంతా మీతో ఉంటారంటే 24 అడుగుల లోపు క్లాస్ సి తీసుకోవడంలో తప్పు లేదు.

ముందు అద్దెకి

అద్దెకి తీసుకోవడానికి దారులున్నాయి. క్రూజ్ అమెరికా సంస్థ క్లాస్ సి బండ్లని ఇస్తుంది, వాటిలో 19 అడుగులది కూడా ఉంది. సొంత బండ్లని జనం అద్దెకిచ్చే ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్‌లలో వ్యాన్‌లు దొరుకుతాయి. వారాంతం సరిపోదు, కనీసం ఎనిమిది పది రోజులు కావాలి. వాన పడిన రోజు ఇద్దరూ పొద్దంతా లోపలే ఉండి చూడాలి. ఒకరు వంట చేస్తుంటే రెండోవాళ్ళు బాత్‌రూముకి వెళ్ళడానికి దారి ఉందా, ఒకరు ఫజర్‌కి లేస్తే రెండోవాళ్ళ నిద్ర పాడవుతోందా, ఆఫీసు మీటింగు ఇంకా ఉన్నవాళ్ళకి ల్యాప్‌టాప్ పెట్టుకునే చోటేది అన్నవి అప్పుడే తెలుస్తాయి.

ప్రయాణం ఖాయమైతే వయసు 62 దాటినవాళ్ళు నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోవాలి. జీవితాంతానికి 80 డాలర్లు, ఒక్క ఏడాదికైతే 20. పౌరసత్వమే ఉండాలని లేదు, గ్రీన్‌కార్డుతో అక్కడే స్థిరపడ్డవాళ్ళకీ ఇస్తారు. చాలా ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో దాని మీద సగం అద్దె తగ్గుతుంది. 65 నిండనివాళ్ళు ఇన్సూరెన్సు పాలసీ తీసి చూసుకోవాలి, సొంత రాష్ట్రం దాటితే ఎమర్జెన్సీ తప్ప మిగతా వైద్యానికి డబ్బు ఇవ్వని ప్లాన్‌లు చాలా ఉన్నాయి. మూడు నెలల మందులు ఒకేసారి రాయించుకోవడం, ఏ ఊళ్ళో చైన్ ఫార్మసీ ఉందో దారి మ్యాపు మీద గుర్తు పెట్టుకోవడం బండి ఇంటికి రాకముందే చేసుకోవచ్చు.